మూసీ ఒడ్డున ఒక ముందుచూపు

నగరం గొప్పతనాన్ని దాని గోపురాలనుబట్టి, మేడలనుబట్టి లెక్కకట్టడం మనకు అలవాటు. కాని ఒక ఊరిలో సామాన్యుని బ్రతుకు ఎట్లున్నదో తెలుసుకొనగోరితే వేరే ప్రశ్నలు అడుగవలసి ఉన్నది. తెల్లవారేసరికి ఇంటి బిందెలో మంచినీరు పడుతున్నదా? వాడిన నీరు వాకిట నిలువకుండా సాగిపోతున్నదా? జ్వరపడిన బీదవానికి ఆస్పత్రిలో పడక దొరకుతున్నదా? వాన కురిసే రాత్రి పిల్లలను పడుకోబెట్టి తల్లి నిశ్చింతగా కన్ను మూయగలుగుతున్నదా? ఈ ప్రశ్నలకు జవాబు ఒక్కనాట తయారుకాదు. ముప్పది నలుబది ఏండ్ల ముందే ఎవరో కూర్చుండి ఆలోచించి ఉండవలె. ఆ ఆలోచనను తరువాతివారు విడువకుండా పట్టుకొని ఉండవలె. మన హైదరాబాదు చరిత్రలో అటువంటి ఘట్టం ఒకటి కలదు. అది 1908లో ఒక ఘోర విపత్తుతో ఆరంభమై, దాదాపు పాతికేండ్ల నిర్మాణంగా సాగినది.

ముందుగా నదిని గురించి రెండు మాటలు. మూసీ వికారాబాదు సమీపాన అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగా ప్రవహించి, వాడపల్లివద్ద కృష్ణలో కలుస్తున్నది. నగరానికి కొంచెం ఎగువన ఈసీ అనే ఉపనది దీనితో సంగమిస్తున్నది. ఆ సంగమస్థలమే నేటి బాపూఘాట్. గోలకొండను ఏలిన కుతుబ్‌షాహీలు 1591లో ఈ నది దక్షిణపుటొడ్డున హైదరాబాదును నిర్మించినారు. అంతకు ముందే 1578లో పురానాపూల్ వంతెన వెలసినది. 1560 ప్రాంతాన హుస్సేన్‌సాగరం త్రవ్వించినారు. అసఫ్‌జాహీల కాలంలో, 19వ శతాబ్ది తొలి దశకంలో, మీర్ ఆలం చెరువు ఏర్పడినది. అర్ధచంద్రాకారపు కమానులను వరుసగా పేర్చి కట్టిన ఆ ఆనకట్ట నేటికీ చూపరులను ఆశ్చర్యపరుస్తున్నది. అనగా నీటిని నిలువజేసుకొని బ్రతకడం ఈ ప్రాంతానికి క్రొత్త కాదు. అయితే నీటిని నిలుపుట వేరు, దాని ఆగ్రహాన్ని ఆపుట వేరు. ఎండకాలంలో పిల్లలు నడచి దాటగల నది, వానకాలంలో ఏ రూపం దాల్చగలదో నగరం పూర్తిగా గ్రహించలేదు.

1908 సెప్టెంబరు చివరి దినాలలో ఎడతెరిపి లేని వాన పట్టుకొన్నది. 28వ తేదీన మూసీ కట్టలు దాటినది. అఫ్జల్‌గంజ్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు వరద తాకిడికి నిలువలేకపోయినవి. నది ఒడ్డునున్న కొల్సావాడి వంటి పేటలు తుడిచిపెట్టుకొని పోయినవి. ప్రాణాలు దక్కించుకొనుటకు పేట్లబురుజుమీదకు ఎక్కిన జనం, ఆ బురుజే కూలిపోగా ప్రవాహంలో కలిసిపోయినారు. ఆ ఒక్క విపత్తులో మృతిచెందినవారి సంఖ్య 15,000 వరకు ఉండవచ్చునని సాధారణంగా అంచనా వేస్తారు. నిలువనీడ కోల్పోయినవారు అంతకు ఎన్నో రెట్లు. 'తుగ్యానీ' అనగా ఉర్దూలో వరద. 'తుగ్యానీ సితంబర్' అనే మాట తరాలపాటు ఈ నగరంలో కాలగణనకే ఒక గుర్తుగా నిలిచినది. ఫలానావాడు తుగ్యానీకి ముందు పుట్టినాడు, ఫలానా ఇల్లు తుగ్యానీ తరువాత కట్టినారు అని పెద్దలు చెప్పుకొనేవారు.

ఆ దినపు జ్ఞాపకాలు రెండింటిని ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని దాదాపు 150 మంది ప్రాణాలు నిలుపుకొన్నారు. ఉస్మానియా ఆస్పత్రి ప్రాంగణంలో ఆ చెట్టును ఇప్పటికీ గౌరవంతో చూపిస్తారు. రెండవది కవి అంజద్ హైదరాబాదీ కథ. ఆయన కన్నుల ఎదుటనే తల్లి, భార్య, కుమార్తె వరదలో కొట్టుకొనిపోయినారు. ఇంటిల్లిపాదిలో ఆయన ఒక్కడే మిగిలినాడు. ఆ దుఃఖం తరువాత ఆయన కవిత్వంలో కరుణరసమై ప్రవహించినది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ నదీతీరానికి వచ్చి, పండితుల సలహాపై మూసీమాతకు చీర, ముత్యాలు సమర్పించి శాంతించుమని వేడుకొన్నాడని ఒక జనశ్రుతి ఉన్నది. ఆపదలో ఉన్న ప్రజల మధ్యకు ప్రభువు దిగి వచ్చినాడన్న విశ్వాసం ఆ కథలో వ్యక్తమవుతున్నది. కాని మ్రొక్కులతో ఆగక, ఆ ప్రభుత్వం మరొక పని కూడ చేసినది. ఈ విపత్తు ఎందుకు వచ్చినదో, మళ్ళీ రాకుండ ఏమి చేయవలెనో శాస్త్రీయంగా తెలుసుకొనుటకు ఒక ఇంజనీరును పిలిపించినది.

ఆ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. బొంబాయి ప్రభుత్వోద్యోగం నుండి విరమించి విదేశాలలో పర్యటిస్తున్న ఆయనకు హైదరాబాదు నుండి ఆహ్వానం అందినది. 1909లో ఆయన వచ్చి పని ప్రారంభించి, ఆ ఏడాది అక్టోబరు నాటికే నివేదిక సమర్పించినాడు. ఆయనకు అప్పగించిన పని మూడు విధాలు: వరదల నుండి నగరాన్ని రక్షించుట, నగర పునర్నిర్మాణానికి సలహా ఇచ్చుట, భూగర్భ మురుగుకాలువల పథకం తయారుచేయుట. ఈ మూడింటినీ కలిపి అప్పగించడంలోనే విశేషం ఉన్నది. వరదకు ఒక శాఖ, మురుగుకు మరొక శాఖ, ఇళ్ళకు ఇంకొక శాఖ అని విడదీసి ఉంటే, ఒకటి కట్టినదానిని మరొకటి త్రవ్విపోసేది. నది, వీధి, ఇల్లు ఒకే శరీరానికి అవయవాలని భావించినప్పుడే వైద్యం కుదురుతుంది.

విశ్వేశ్వరయ్య మొదట పరిశీలించినది నగరాన్ని కాదు, దానికి ఎగువనున్న పల్లెలను. మూసీ పరీవాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులున్నవి. అనగా దాదాపు చదరపు మైలుకొక చెరువు. మన పూర్వులు పొలాల కోసం కట్టుకొన్న ఈ గొలుసు చెరువులు వరుసగా ఒకదాని అలుగు నీరు మరొకదానికి అందేటట్లు అమరి ఉన్నవి. ఆ వానకు వాటిలో 221 చెరువులు తెగినవి. పై చెరువు తెగితే దాని నీరంతా ఒక్కుమ్మడిగా క్రింది చెరువుపై పడుతుంది. ఆ కట్ట ఆ బరువు ఓర్వలేక తెగుతుంది. ఆ రెండింటి నీరు కలిసి మూడవదానిని తెంచుతుంది. ఆకాశం నుండి పడిన నీటికి చెరువులలో నిలువయున్న నీరు తోడై నగరంమీదకు దూకినది. ఆలనాపాలనా ఉన్నంతవరకు కల్పవృక్షాలైన చెరువులు, కట్టలు బలహీనపడినప్పుడు ఎంతటి ప్రమాదం తేగలవో ఈ పరిశీలన తేల్చి చెప్పినది.

మరి పరిష్కారమేమి? నగరంలో నది ఒడ్డున ఎత్తైన గోడలు కట్టడం సులభంగా తోచే ఉపాయం. కాని గోడ ఎంత ఎత్తు కట్టినా, అంతకు మించిన వరద ఏనాడో ఒకనాడు వస్తుంది; పైగా గోడకు లోపల పడిన వాననీరు నదిలోనికి పోయే దారి ఉండదు. కావున వరదను నగరపు గడపవద్ద కాక, దూరాన్నే నిలువరించవలెనని ఆయన సూచించినాడు. మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి, నగరానికి కొద్ది మైళ్ళ ఎగువన రెండు పెద్ద జలాశయాలు నిర్మించవలె. వరద వచ్చినప్పుడు అవి నీటిని పట్టి ఉంచి, నది భరించగలిగినంతనే క్రమంగా విడుదల చేయవలె. ఇక నగరంలో నదీతీరాలను ఎత్తుచేసి, ఉద్యానాలతో, విశాలమైన బాటలతో తీర్చిదిద్దవలె. జనావాసాలను నీటి అంచుననుండి వెనుకకు జరుపవలె.

నివేదిక సమర్పించిన కొద్దికాలానికే, 1909 చివరలో, విశ్వేశ్వరయ్య మైసూరు సంస్థానానికి ప్రధాన ఇంజనీరుగా వెళ్ళిపోయినాడు. 1911లో మహబూబ్ అలీఖాన్ మరణించి మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కినాడు. సలహా ఇచ్చినవాడు లేడు, పిలిపించినవాడు లేడు. మన దేశంలో ఎన్నో నివేదికలు ఇటువంటి సమయంలోనే అలమరలకు చేరుకొన్నవి. ఇక్కడ అట్లు జరుగలేదు. 1913 ప్రాంతంలో మూసీపై గండిపేట గ్రామంవద్ద పనులు మొదలై 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తి అయినది. 1927లో ఈసీపై హిమాయత్‌సాగర్ సిద్ధమైనది. ఈ నిర్మాణాలతో సంబంధమున్న ఇంజనీర్లలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దరు పేరు చిరస్మరణీయం. తరువాత మంజీరపై నిజాంసాగర్ నిర్మాణానికి సారథ్యం వహించినవాడు కూడ ఆయనే. విపత్తుకు, రెండవ జలాశయం పూర్తి కావడానికి మధ్య 19 ఏండ్లు గడచినవి. ఒక పనిని పందొమ్మిది ఏండ్లు విడువకుండా సాగించడం ఏ ప్రభుత్వానికైనా కఠిన పరీక్షయే.

వరదను ఆపుటకు కట్టిన ఈ జలాశయాలే నగరానికి దాహం కూడ తీర్చినవి. గండిపేట నీరు కేవలం వాలునుబట్టి, యంత్రాల సహాయం లేకుండానే, కాలువ ద్వారా ఆసిఫ్‌నగర్‌లోని వడపోత కేంద్రానికి చేరేది. అక్కడ శుద్ధియై ఇంటింటి కొళాయికి అందేది. గండిపేట నీళ్ళు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడనే నానుడి అట్లు పుట్టినది. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నదని శ్రోతలు గమనింపగలరు. వరదను ఆపవలసిన జలాశయం ఖాళీగా ఉండవలె. దాహం తీర్చవలసిన జలాశయం నిండుగా ఉండవలె. ఈ రెండు కోర్కెలను సమాధానపరచుటకే ఉస్మాన్‌సాగర్‌కు 15, హిమాయత్‌సాగర్‌కు 17 వరద తలుపులు అమర్చినారు. ఎప్పుడు తెరువవలె, ఎంత తెరువవలె అనే వివేకం మాత్రం ఎల్లప్పుడు మనుషులదే. ఎంత గొప్ప కట్టడమైనను, దాని వెనుక మెలకువగా ఉండే ఉద్యోగి లేకపోతే అది రాతిగుట్టయే.

నీటి సంగతి ఇట్లుండగా నగరంమీదకు మరొక శత్రువు వచ్చిపడినది. 1911లో ప్లేగు మహమ్మారి ప్రబలినది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా చుట్టుముట్టినది. జనాభా లెక్కలు చూస్తే ఆ దశకపు విషాదం తెలుస్తుంది. 1911లో సుమారు 5 లక్షలున్న నగర జనాభా 1921 నాటికి సుమారు 4 లక్షలకు దిగిపోయినది. అంటురోగులకై ఏర్పడిన 'క్వారంటైన్' ఆస్పత్రిని జనం తమ నోట 'కోరంటి దవాఖానా' చేసుకొన్నారు. నల్లకుంట జ్వరాల ఆస్పత్రికి నేటికీ ఆ పేరు నిలిచియున్నది. వెలుతురు చొరని ఇరుకు సందులు, గాలి ఆడని గదులు, ఎలుకలు తిరిగే గోడలు వ్యాధికి పుట్టినిళ్ళని ఈ అనుభవం నేర్పినది. మందు ఇచ్చుటతోబాటు ఇల్లు కూడ మార్చవలసియున్నదని పాలకులు గ్రహించినారు.

ఇందుకై 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. 'ఆరాయిష్ బల్దా' అని ఉర్దూలో దాని పేరు. అనగా నగర అలంకరణమని అర్థం. పేరులో అలంకరణ ఉన్నను, పని మాత్రం ఆరోగ్యానికి సంబంధించినది. మురికివాడలను తొలగించి, గాలి వెలుతురు వచ్చేటట్లు వరుసలుగా ఇళ్ళు కట్టి, స్వల్ప ఆదాయం గలవారికి అద్దెకిచ్చుట. ఇరుకు వీధులను విశాలం చేయుట. అంగళ్ళకు, ఆటస్థలాలకు చోటు చూపుట దాని విధులు. నాంపల్లి, మలక్‌పేట ప్రాంతాలలో ఈ పథకం క్రింద ఇళ్ళు వెలసినవి. చార్మినారు నుండి నదివైపు వచ్చే మార్గంలో రాతి కమానులతో పత్తర్‌గట్టి అంగళ్ళు రూపొందినవి. 1935లో మొజంజాహీ మార్కెట్టు వెలసినది. ఆ సంస్థకు అధ్యక్షుడుగా పనిచేసిన యువరాజు మొజంజా పేరే దానికి పెట్టినారు.

నదీతీరాల సంగతి మరీ ఆలోచింపదగినది. వరద మింగిన స్థలాలను ప్రభుత్వం భాగ్యవంతుల భవనాలకు విడువలేదు. దక్షిణపుటొడ్డున ఉన్నత న్యాయస్థానం లేచినది. దాని సమీపాననే, 1921లో, నేటి సిటీ కళాశాల భవనం తయారైనది. ఉత్తరపుటొడ్డున, వరదకు దెబ్బతిన్న పాత ఆస్పత్రి స్థానంలో ఉస్మానియా ఆస్పత్రి నిలిచినది. ఈ మూడింటికీ నమూనాలు గీసినవాడు విన్సెంట్ ఎష్ అనే ఆంగ్ల వాస్తుశిల్పి. 1930వ దశకంలో అఫ్జల్‌గంజ్‌లో అసఫియా గ్రంథాలయానికి స్వంత భవనం ఏర్పడినది. న్యాయం, విద్య, వైద్యం, గ్రంథం అనే నాలుగు ప్రజావసరాలు ఒకే నదికి ఇరువైపుల కొలువుతీరినవి. మృత్యువు తాండవించిన చోటనే రోగి ఆశతో అడుగుపెట్టే ఆస్పత్రి వెలియడం కంటె మృతులకు తగిన స్మారకం మరేమి ఉండగలదు?

మురుగుకాలువల పథకం అన్నిటికంటె ఆలస్యంగా అమలు జరిగినది. కంటికి కనిపించే కట్టడానికి శంకుస్థాపనలు జరుగుతవి. భూమిలో పూడ్చే గొట్టానికి జయజయధ్వానాలుండవు. అందుకే ఏ ఊరిలోనైనా ఆ పని వెనుకబడుతుంది. ఈ నగరంలో ఆ అవసరాన్ని గుర్తుచేసే చరిత్ర కూడ ఒకటి ఉన్నది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ కనుగొన్నది 1897 ఆగస్టు 20వ తేదీన ఈ జంటనగరంలోనే. నిలిచిన నీటికి, జ్వరానికి గల బంధుత్వాన్ని ఇక్కడే కనుగొన్నారు గనుక, ఆ నీటిని సాగనంపే బాధ్యత కూడ ఇక్కడివారిపై అధికంగానే ఉన్నది. విశ్వేశ్వరయ్య 1922లోను, 1930లోను మళ్ళీ వచ్చి ఈ పనికి సలహాలిచ్చినాడు. 1931 నాటి ఆ ఏర్పాటు సుమారు 5 లక్షల జనాభాను దృష్టిలో ఉంచుకొని రూపొందినది. ఆనాటికి అది సమంజసమే.

ఈ కథను కేవలం ప్రశంసగా చెప్పి ముగించడం న్యాయం కాదు. ఈ ప్రణాళికలో ప్రజల కొరకు ఆలోచన ఉన్నది గాని, ప్రజలతో సంప్రదింపు స్వల్పం. ఏ పేటను తొలగించవలెనో నిర్ణయించినది సర్కారు. ఆ పేటలో నివసించేవారు కాదు. రాజధానిలో దీపాలు వెలిగి, సిమెంటు బాటలు మెరిసినప్పుడు, ఆ ఖజానాకు భూమి శిస్తు చెల్లించిన జిల్లాల రైతు గుడిసెలో బావి నీరే గతి. ఇంతటి దూరదృష్టి రాజధానికి నాలుగు దిక్కుల పల్లెలకు కూడ ప్రసరించి ఉంటే, తరువాతి తెలంగాణ చరిత్రయే మరొక తీరుగ ఉండేదేమో. ఈ లోపాన్ని మరువకుండానే, వారు చేసిన మంచిని మనం స్మరింపవలె.

తరువాతి కాలంలో నగరం ఆనాటి లెక్కలన్నిటిని దాటిపోయినది. 1965లో మంజీర నీరు, 2004లో కృష్ణ నీరు, 2015లో గోదావరి నీరు దూరాలనుండి తెప్పించుకొనవలసి వచ్చినది. 2011 లెక్కలలో నగరపాలక సంస్థ పరిధిలోని జనాభా 67 లక్షలు దాటినది. 5 లక్షలకు వేసిన కాలువలు అంతమందికి చాలవని వేరే చెప్పనక్కరలేదు. ఆ భారమంతా చివరకు మూసీయే మోసినది. జంట జలాశయాల పరీవాహకాన్ని కాపాడుటకు 1996లో ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వు వెలువరించి, వాటి చుట్టు 10 కిలోమీటర్ల మేర కర్మాగారాలను, పెద్ద కట్టడాలను నిషేధించినది. 2022 ఏప్రిల్‌లో మరొక ఉత్తర్వు ఆ ఆంక్షలను తొలగించినది. ఈ రెండు ఉత్తర్వులకు మధ్య, 2020 అక్టోబరులో కుంభవృష్టి కురిసి, నగర శివారులోని పల్లె చెరువు, గుర్రం చెరువు తెగి, దిగువ కాలనీలు మునిగి, ప్రాణనష్టం సంభవించినది. పై చెరువు తెగితే క్రింది వాడకు ముప్పని 1909లోనే వ్రాసి ఉంచిన పాఠం నూట పదకొండేండ్ల తరువాత మళ్ళీ చదువవలసి వచ్చినది.

ఆనాటి నివేదికలోని అంకెలు నేటికి పనికిరాకపోవచ్చును. అందులోని పద్ధతి మాత్రం పాతబడలేదు. మొదట ఊరికి ఎగువన ఏమి జరుగుతున్నదో చూచుట. నీరు, మురుగు, ఇల్లు, వైద్యం కలిపి ఒక్కటిగా ఆలోచించుట. ఆరంభించిన పనిని అధికారులు మారినా సాగించుట. కట్టినదానికి కాపలా ఉండుట. దీనికి ఆనాడు లేని ఐదవది ఒకటి మనం చేర్చవలె: ఆ నిర్ణయాలలో అక్కడ నివసించే పౌరుని మాటకు చోటిచ్చుట. ఉస్మానియా ఆస్పత్రికి వెళ్ళినప్పుడు శ్రోతలు ఆ చింతచెట్టు క్రింద ఒక క్షణం నిలబడి చూడవలె. ఆనాడు దానిని పట్టుకొన్న నూట యాబదిమంది బ్రతికినది అదృష్టంవల్ల. వారి తరువాత ఈ నగరంలో ఎన్నో వానకాలాలు నిద్రపట్టి గడచినది, నగరానికి ఎగువన గండిపేటలో, హిమాయత్‌సాగర్‌లో కట్టలు నిలిచి ఉన్నందువల్ల. ఆ కట్టలను, వాటికి నీరు తెచ్చే వాగులను, చెరువులను కాపాడి మన తరువాతివారికి అప్పగించే వంతు ఇప్పుడు మనది.